హిజ్కియా గారు పంపిన రిటర్నులు

వానలు కాస్త వెనకపట్టాక ఒక శనివారం మధ్యాహ్నం డయాసిస్ ఆఫీసు నుంచి విమల వచ్చింది. మా తెలుగు సంఘంలోనే పుట్టి పెరిగిన పిల్ల, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి, ఆఫీసు వ్యవహారమంతా ఆమె చేతిలోనే ఉంటుంది. ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో మా బిషప్పుగారి కింద ఉన్న సంఘాలన్నీ కలిస్తే మా డయాసిస్. దాని చరిత్ర పుస్తకంగా వేస్తున్నారట. హిందీలో రాయడం అయిపోయింది, తెలుగు చేసిపెట్టమని ఆ కాగితాలు నా ముందు పెట్టింది. "ఆంటీ, నాకు తెలుగు మాట్లాడ్డం వచ్చుగానీ చదవాలంటే చక్కరొచ్చేస్తాది. మీరు బళ్ళో తెలుగు చెప్తారు, కథలు కూడా రాశారు. ఇంకెవర్ని అడగమంటారు?" అంది. నాకూ లోపల సంబరంగానే ఉంది. టీ ఇచ్చి, చక్కెర పూసిన బిస్కట్లు పెట్టి, నెల్లో చేసిస్తానని మాటిచ్చాను.

ఆమె వెళ్ళాక కిటికీ దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మొదట్లో ఈ దీవుల సంఘాల మంచిచెడ్డలు కలకత్తా నుంచే చూసేవారట, ఎప్పుడో ఒకసారి ఓడ మీద బిషప్పు వచ్చి చేతులుంచి ప్రార్థన చేసి వెళ్ళేవాడట. నికోబారీలు తమ భాషలో పాటలు కట్టుకుని, ఊరూరా తమ చేతుల్తో గుళ్ళు లేపుకున్నారు. వాళ్ళ సంఘాలు పెరిగి పెరిగి, ఇంక సముద్రం అవతలివాళ్ళ పెత్తనం అక్కర్లేదనుకునేంత అయ్యాక డయాసిస్ వేరుపడింది. తర్వాత పాస్టరేట్లు, కౌన్సిలు, కౌన్సిల్లో ఎవరికి ఎన్ని సీట్లు, తమిళులు, రాంచీవాళ్ళు, బర్మా నుంచి వచ్చి మిడిల్ అండమాన్లో స్థిరపడ్డ కరెన్లు, అందరి లెక్కా ఉంది. తెలుగువాళ్ళకి ఒకటిన్నర పేజీ ఇచ్చారు. అందులో అర పేజీ ఫోటో. ఒకటిన్నర పేజీయేనా అని కాసేపు ఉడుక్కున్నాను కూడా. ఆ తర్వాత సునామీ అధ్యాయం వచ్చింది. ఒక నికోబారీ ఊరి పేరు రాసి, ఆ సంఘం ఉపదేశి వార్షిక పత్రాలు పంపడంలో నిర్లక్ష్యం చూపినందువల్ల అక్కడి సభ్యుల వివరాలు శాశ్వతంగా పోయాయి అని ఉంది. ఆ వాక్యం రాసిందెవరో నాకు తెలియదు. చెప్పింది మాత్రం నేను.

అప్పుడు నాకు ఇరవై ఏడు. పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో నాన్న టైలరింగు షాపు, దాని వెనకే రెండు గదుల ఇల్లు. నాన్నది శ్రీకాకుళం వైపు. పెళ్ళికి ముందే కత్తెర, టేపు పట్టుకుని ఓడెక్కి వచ్చేశాడు. వారమంతా స్కూలు యూనిఫారాలు కుట్టేవాడు. శనివారం సాయంత్రం మాత్రం మిషను మీద గుడ్డ కప్పేసి హార్మోనియం దించేవాడు. అది కూడా ఈ దీవుల చెమ్మకి గొంతు పోయిన మనిషిలాగే ఉండేది. ముందు దాన్ని కాసేపు ఎండలో పెట్టి, బెలోసు మీద పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు సరిగమలు అందుకునేవాడు. లోపల అమ్మ ఆదివారం కోసం వంజరం ముక్కలకి ఉప్పూ కారం పట్టిస్తూ, నాన్న శ్రుతి తప్పినప్పుడల్లా "అదిగో, జారింది" అనేది. నాన్నకి కోపం వచ్చేది కాదు. అమ్మకి చెవులు ఉన్నాయని ఆయనకి తెలుసు. ఇస్త్రీ వాసన, చేపల మసాలా వాసన, గోడల బూజు వాసన కలిసి ఒకటే వాసనయ్యేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఇస్త్రీ పెట్టె వేడెక్కితే నాకు ఆకలేస్తుంది.

నాన్న సంఘ పెద్ద. ఆయన బతుకులో పెద్ద విజయం మా తెలుగు ఆరాధనకి పొద్దున పది గంటల సమయం సంపాదించడం. ఒకే గుడి, నాలుగు భాషలు. పొద్దున్నే తమిళం, తర్వాత హిందీ, ఆ తర్వాత నికోబారీ, మాకేమో మధ్యాహ్నం రెండింటికి, రేకుల కింద మాడిపోతూ. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి, కౌన్సిల్లో మాకున్న ఒక్క సీటులో కూర్చుని పోట్లాడి, చివరికి పది గంటలు గెలిచాడు. గెలిచినవాడికి నిలబెట్టుకోవాలన్న భయం కూడా ఉంటుంది. అందుకే తెలుగువాళ్ళ క్రిస్మస్ అంటే ఊరంతా చెప్పుకోవాలనేవాడు. అందరి చేతుల్లో పాటల కాగితాలుండాలి, ఎవరూ గొణగకూడదు, గొంతెత్తి పాడాలి. "చదువుకున్న సంఘం అనిపించుకోవాల్రా," అనేవాడు. ఎవరికంటే చదువుకున్న సంఘమో పైకి అనేవాడు కాదు గానీ మా అందరికీ తెలుసు. నికోబారీలంటే మాకు ప్రేమే. అమాయకులు, మంచివాళ్ళు, పాపం, అంటూ ఉండేవాళ్ళం. డయాసిస్‌లో ఎక్కువమంది వాళ్ళే, గుళ్ళు వాళ్ళవే, పునాది వాళ్ళదే. అయినా పాపం అనేది మేమే.

డయాసిస్ ఆఫీసులో నాది చిన్న క్లర్కు ఉద్యోగం. మా హెడ్ క్లర్కుని అందరూ బడాబాబు అనేవారు. ఆయన రాంచీ మనిషి, బీరువాల్లో కలరా ఉండలు తన చేత్తోనే వేసేవాడు. కాగితం ఈ దీవుల్లో ఎక్కువ కాలం బతకదని ఆయన బాధ. నా పనుల్లో ముఖ్యమైనది రిటర్నులు ఎక్కించడం. ఏటా ప్రతి సంఘమూ తన రిజిస్టర్లు చూసి, ఆ యేడు ఎవరికి బాప్తిస్మం ఇచ్చారు, ఎవరికి పెళ్ళయింది, ఎవర్ని పూడ్చిపెట్టారు అన్నీ ఫుల్‌స్కేప్ కాగితాల మీద ఒక పక్కనే రాసి, దారంతో కట్టి ఓడలో పంపేది. వెనక పక్క తెల్లగా వదిలెయ్యాలని నియమం, సిరా అవతలికి దిగి అక్షరాలు కలిసిపోతాయని. వాటిని నేను ఆఫీసులోని పెద్ద పుస్తకంలోకి ఎత్తి రాయాలి. అలా ప్రతి పేరూ రెండుచోట్ల ఉండేది, ఊళ్ళో ఒకటి, బ్లెయిర్‌లో ఒకటి.

అందరికంటే శ్రద్ధగా పంపేది హిజ్కియా గారు. కార్ నికోబార్‌లో ఒక ఊరి ఉపదేశి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. ఓడ దిగి ఆఫీసుకొస్తే చెప్పులు బయట విడిచి, కాగితాల కట్టని రెండు చేతుల్తో అందించేవాడు. ఆయన తండ్రి కాలంలో, యుద్ధంలో జపాన్ వాళ్ళు ఈ దీవుల్ని పట్టుకుని ఉన్నప్పుడు, ఆ ఊరి గుడి పుస్తకాలన్నీ పోయాయట. బతికినవాళ్ళు కూర్చుని ఎవరు ఎవరి బిడ్డో గుర్తుచేసుకుంటూ మళ్ళీ రాసుకున్నారట. "అందుకే దో జగా రఖ్‌నా, బేటీ," అనేవాడు. రెండు చోట్ల ఉండాలి. ఆయన రిటర్నులో తల్లిదండ్రుల పేర్లతో ఆగేది కాదు. బిడ్డ ఏ తుహేత్‌దో కూడా రాసేవాడు. తుహేత్ అంటే వాళ్ళ పెద్ద కుటుంబం, వందమంది ఉన్నా ఒకటే ఇల్లు కింద లెక్క. ఆ పేర్లు నాకు నోరు తిరిగేవి కావు, రాయడానికి చెయ్యి తిరిగేది కాదు. ఒకసారి ఆయన మా అమ్మ కోసమని, మొగలి జాతి చెట్టుకి కాసే కేవడీ పండు ఉడికించి చేసిన ముద్ద ఆకులో చుట్టి తెచ్చాడు. ఇంట్లో దాని వాసన మాకు పడలేదు. అమ్మ దాన్ని పెరట్లో కోళ్ళకి పెట్టేసింది. మళ్ళీ వచ్చినప్పుడు ఎలా ఉందని అడిగితే, చాలా బావుందన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

అందరివీ ఎక్కించేదాన్ని గానీ ఆయనవి మాత్రం తర్వాత, తర్వాత అంటూ మూడేళ్ళవి పక్కన పెట్టేశాను. ఎవరూ అడగలేదు. ఆ యేడు క్రిస్మస్‌కి ముందు మెయిన్‌ల్యాండ్ ఓడ ఆలస్యమైంది. ఊళ్ళో తెల్లకాగితం దొరకలేదు. నాన్న స్టెన్సిళ్ళ మీద పాటలు రాసి సిద్ధంగా పెట్టుకున్నాడు, కొత్త రాగాలు కూడా కట్టాడు. కాగితం లేదంటే ఆయన ముఖం చూడలేకపోయాను. "ఎక్కడైనా చూడమ్మా. ఒక పక్క రాసేసినవైనా పర్లేదు," అన్నాడు. నాకు వెంటనే ఆ కట్టలు గుర్తొచ్చాయి. ఒక పక్క తెల్లగా, చక్కగా, మూడు కట్టలు. అసలు రిజిస్టరు వాళ్ళ ఊళ్ళో ఉంది కదా, కొత్త యేడు మళ్ళీ ఒక కాపీ పంపమని ఉత్తరం రాస్తే సరిపోతుంది, ఆయన కాదనడు అనుకున్నాను. బడాబాబు సెలవులో ఉన్నాడు. ఆఫీసు సైక్లోస్టైల్ మిషను మీద, సిరా వాసన పీలుస్తూ, హిజ్కియా గారి అక్షరాల వెనక పక్కన నాన్న పాటలు తిప్పాను. ఇంటికి తెచ్చాక నాన్న ఒక కాగితం తిరగేసి చూసి "ఇవేంటమ్మా?" అన్నాడు. పనికిరాని కాగితాలన్నాను.

క్రిస్మస్ ఆరాధన గొప్పగా జరిగింది. నాన్న పాటలకి హిందీ సంఘంవాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తర్వాత ప్రేమ విందు. అందరూ తిని లేచాక గుడి వెనక విస్తళ్ళూ కాగితాలూ కలిపి పోగుపెట్టించి, అగ్గిపుల్ల గీయించింది నేనే. చుట్టూ శుభ్రంగా ఉండాలని మా సంఘానికి పట్టుదల. తెల్లారితే ఆదివారం. తెల్లవారుతూనే భూమి ఊగింది. మిషను మీద కత్తెర కిందపడింది, అమ్మ ప్రభువా అంటూ గుమ్మంలోంచి బయటికి పరిగెత్తింది. కాసేపటికి సముద్రం ఊళ్ళోకి వచ్చిందని కేకలు. ఆ రోజు పది గంటల ఆరాధన జరగలేదు. సాయంత్రానికి, దక్షిణాన నికోబార్‌లో ఊళ్ళకి ఊళ్ళు లేవన్న మాట మెల్లగా వచ్చింది.

విమానాల్లో, ఓడల్లో మనుషుల్ని తెచ్చారు. మా గుడి హాలు నిండిపోయింది. తడిసిన చాపలు, డెట్టాలు, పెద్ద గుండిగల్లో కిచిడీ. ఆ కిచిడీ వాళ్ళకి సయించేది కాదు, అయినా వంక పెట్టకుండా తినేవాళ్ళు. సాయంత్రం పూట ఎవరో ఒకరు గొంతెత్తితే హాలంతా అందుకునేది. నాలుగు స్వరాలు విడివిడిగా, ఒక్క పుస్తకం లేకుండా, ఒక్క కాగితం లేకుండా పాడేవారు. నాన్న బయట మెట్ల మీద కూర్చుని తలొంచుకుని వినేవాడు. నేను లోపలికి వెళ్ళి బకెట్లు సర్దుతున్నట్టు నటించేదాన్ని.

అక్కడే మార్తా నన్ను వెతుక్కుంటూ వచ్చింది. హిజ్కియా గారి కూతురు, నాకంటే చిన్నది. చంకలో మూడేళ్ళ ఆడపిల్ల. అది ఆమె అక్క కూతురు, పేరు రూత్. ఆ పిల్ల అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు, ఊరి కెప్టెన్, అంటే వాళ్ళ ఊరిపెద్ద, ఆయనా పోయాడు. హిజ్కియా గారు నీళ్ళు వస్తున్నాయనగానే రూత్‌ని ఎత్తుకుని ఎత్తు మీదకి పరిగెత్తాడట. ఎవరో గుడి రిజిస్టర్లు, రిజిస్టర్లు అని అరిస్తే, "కితాబ్ ఛోడో, కాపీ బ్లెయిర్ మే హై" అన్నాడట. పుస్తకాలు వదిలెయ్యండి, కాపీ బ్లెయిర్‌లో ఉంది. రూత్‌ని మార్తా చేతుల్లో పెట్టి, ఇంకో బిడ్డ కోసం కిందికి దిగాడు. మళ్ళీ రాలేదు. ఇది చెప్పి మార్తా, "దీదీ, తల్లీ తండ్రీ లేని పిల్లల్ని హోమ్‌లో పెడతారంట. ఈమె మా తుహేత్ పిల్లే అని కాగితం చూపించమంటున్నారు. బాప్తిస్మం రాసిన కాగితం ఒక్కటి చాలంట. బాబా పంపింది మీ దగ్గరుంది కదా, తీసివ్వు," అంది. ఆమె ముఖంలో ఎక్కడా అనుమానం లేదు. దుకాణంలో దాచిపెట్టమన్న సామాను అడిగినట్టు అడిగింది.

బడాబాబు పక్కనే ఉన్నాడు. పెద్ద పుస్తకం తెరిచాడు. ఆ ఊరి పేజీ మూడేళ్ళుగా ఖాళీ. బీరువా తెరిచాడు. కట్టలు లేవు. నా వైపు చూశాడు. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నిజం చెప్పడానికి అప్పుడు సరిగ్గా ఒక్క నిమిషం ఉంది. "ఆ ఊరివి రాలేదు సార్. మూడేళ్ళుగా ఆయన పంపలేదు," అన్నాను. మార్తా నన్ను చూసింది, తర్వాత ఖాళీ పేజీని చూసింది. "బాబా పంపానని చెప్పేవాడే," అని మాత్రం అంది. బడాబాబు ఫైల్లో ఏదో రాసుకున్నాడు. చనిపోయిన మనిషి వచ్చి కాదనడు కదా అన్న ధైర్యం నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మర్నాటి నుంచి పాటల కాగితాల కోసం మా సంఘం ఇళ్ళన్నీ తిరిగాను. నాన్న పాటలు దాచుకుందామని అడుగుతున్నానని చెప్పాను. మూడు కాగితాలు దొరికాయి. ఒకటి వంటింటి డబ్బా కింద పరిచినది, రెండు బైబిళ్ళలో మడిచినవి. రూత్ పేరు వాటిలో లేదు. కానీ వేరే పేర్లున్నాయి, ఇరవైకి పైగా. ఆ మూడూ ఇచ్చేసి ఉంటే ఆ ఇరవైమందికైనా ఒక ఆధారం దక్కేది. ఇవ్వాలంటే వెనక పాట ఉంది, పాట కింద మా సంఘం పేరుంది. నాన్నకి చూపించాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్పేశావు కదా రాలేదని," అన్నాడు. అవునన్నాను. "మళ్ళీ మాట మారిస్తే నీ ఉద్యోగం పోద్ది. మనకి పది గంటలు కూడా మిగల్దు. తెలుగోళ్ళు ఇలాంటోళ్ళు అంటారు." అంతే, లేచి మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. పొద్దున్నే అమ్మ పొయ్యి ముట్టించినప్పుడు ఆ మూడు కాగితాలూ నేను అందులో పెట్టాను. మొదటిది నిర్లక్ష్యం అనుకుందాం, కాగితం కరువు అనుకుందాం. ఇది మాత్రం ఏమీ అనుకోవడానికి లేదు. తెలిసి, చూసి, చదివి తగలబెట్టాను.

నాన్నా నేనూ ఆయన పోయేదాకా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, నా వాటాలో నేను ఆయనకి కొంత పంచిపెట్టాను, ఆయన కాదనలేదు. ఆ తర్వాత ఆయన కొత్త పాట కట్టలేదు. అడిగితే గొంతు పోయిందనేవాడు. రూత్‌ని హోమ్‌లో పెట్టారు. మొదట పోర్ట్ బ్లెయిర్‌లో, తర్వాత మెయిన్‌ల్యాండ్‌లో. మార్తా అర్జీల మీద అర్జీలు పెట్టి, బతికిన ముసలివాళ్ళ చేత వేలిముద్రలు వేయించి ఆ పిల్లని వెనక్కి తెచ్చుకునేసరికి దానికి ఏడేళ్ళు వచ్చాయి. ఓడ దిగిన రోజు నేను జెట్టీకి వెళ్ళాను, దూరంగా నిలబడ్డాను. మార్తా తమ భాషలో ఏదో అడిగింది. పిల్లకి అర్థం కాలేదు. హిందీలో "ఆంటీ, పానీ" అంది. సొంత పిన్నిని ఆంటీ అంది.

ఇప్పుడు ఇవన్నీ అటూ ఇటూ తూచి చూస్తే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. ఆ పది గంటల కోసం నేను అబద్ధమాడాను. ఇవాళ తెలుగు ఆరాధనకి వచ్చే పిల్లల్లో సగం మందికి తెలుగు చదవడం రాదు. పాటల పుస్తకం అందరి చేతుల్లోనూ ఉంటుంది, హిందీ అక్షరాల్లో రాసుకుంటే తప్ప పాడలేరు. గోడకి తెర కట్టి పాటలు వేస్తారు, కాగితం ఖర్చే లేదు. డయాసిస్ రిటర్నులు కంప్యూటర్లో పంపిస్తారు, ఏ పేరూ పోదు అని విమల గర్వంగా చెబుతుంది. చదువుకున్న సంఘం మాదని చెప్పుకున్నాం. కాగితాన్ని చదివి, ఒక్కొక్క పేరూ దిద్దుకుంటూ రాసి, సముద్రం దాటించి భద్రం చేసింది మాత్రం ఆ చెప్పులు బయట విడిచిన మనిషి. నేను చేసిందల్లా దాన్ని తిరగేయడం.

విమలకి ఫోన్ చేసి ఆ వాక్యం తప్పు, తీసెయ్యాలన్నాను. "ఒక్క లైనే కదా ఆంటీ? ఫైల్లో అలాగే ఉంది మరి. అసలు ఏమైందో మీకు తెలుసా?" అంది. తెలుసన్నాను. రేపు చెబుతానన్నాను. ఆ రేపుని వారం దాకా సాగదీశాను. ఈలోగా జరిగిందంతా ఇలాగే తెలుగులో రాసుకున్నాను. రాసి, చదువుకుని, మనసు తేలికపడిందనుకున్నాను కూడా. అప్పుడు తట్టింది, నేను ఎవరికి అన్యాయం చేశానో వాళ్ళలో ఒక్కరికీ రాని భాషలో ఒప్పుకున్నానని. నా మీద నాకే అసహ్యం వేసింది. కౌన్సిల్ మీటింగుకి మార్తా పోర్ట్ బ్లెయిర్ వచ్చిందని తెలిసి గెస్ట్‌హౌస్‌కి వెళ్ళాను. ఆమె ఇప్పుడు వాళ్ళ సంఘం తరఫున కౌన్సిల్ సభ్యురాలు. జుట్టు నెరిసింది. నన్ను చూసి "అరే కరుణా దీదీ" అంటూ కుర్చీ లాగి వేసింది. కూర్చోలేదు నేను. కాగితం కరువు, పాటలు, మంట, అబద్ధం, మూడు కాగితాలు, పొయ్యి, అన్నీ హిందీలో వరసగా చెప్పేశాను. మధ్యలో ఏడిస్తే ఆపేస్తానని ఏడవలేదు.

నాకోసం వేసిన కుర్చీలో తనే కూర్చుంది. తర్వాత అడిగింది, "ఆ మూడు కాగితాల్లో ఎవరెవరి పేర్లున్నాయో గుర్తుందా?"

కొన్ని గుర్తున్నాయన్నాను. మర్చిపోదామనుకున్నకొద్దీ గట్టిపడిన పేర్లు. "నవోమి," అన్నాను.

"మా పక్కింటామె."

"ఎలీషా."

"స్కూల్లో నా బెంచీ. దొరకలేదు."

"రాహేలు. పక్కన చిన్నగా, కవలలు అని రాసుంది."

మార్తా కళ్ళు మూసుకుంది. "రెండోదాని పేరు ఇరవై యేళ్ళుగా ఎవరికీ గుర్తు రావట్లేదు. ఆ కాగితంలో ఉందా?"

ఉంది. నేను చూశాను. ఇప్పుడెంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అదే చెప్పాను.

ఆమె లేచి నీళ్ళు తాగింది. నాకు వీపు తిప్పి మాట్లాడింది. "ప్రతి యేడూ ఆ రోజు మా గుడిలో పోయినవాళ్ళ పేర్లు చదువుతాం. బాబా పేరు దగ్గరికి రాగానే, బాబా, పంపానని అబద్ధం చెప్పావు, నీ వల్ల రూత్ పరాయిదైపోయింది, అయినా నిన్ను మాఫ్ చేస్తున్నా అనుకునేదాన్ని. ఇరవై యేళ్ళు మాఫ్ చేశాను దీదీ. ఏం చేశాడని?"

 పుస్తకంలో వాక్యం మార్పిస్తాను, నా పేరు పెట్టి రాయిస్తాను అన్నాను. రాయించు, అంది. ఆ తర్వాత ఇటు తిరిగి, "నాకొక్కదానికి చెబితే సరిపోదు. పుస్తకం ఎంతమంది చదువుతారు? మా ఊరొచ్చి గుడిలో చెప్పు. బాబా గురించి ఆ మాట అనుకున్నది నేనొక్కదాన్నే కాదు. బయటివాళ్ళు మా దీవికి రావాలంటే కావలసిన పాస్ నేనిప్పిస్తాను," అంది.

సిగ్గులేకుండా అప్పుడు కూడా ఒక సందు వెతుక్కున్నాను. "మీ ముసలివాళ్ళకి హిందీ రాదు కదా మార్తా," అన్నాను.

"రూత్ చెబుతుంది," అంది ఆమె. "మా గుడిలో బయటివాళ్ళు ఎవరొచ్చి మాట్లాడినా మా భాషలోకి చెప్పేది రూతే."

పాస్ వచ్చింది. ఓడ గురువారం. విమల పుస్తకంలో వాక్యం మార్చి, నా పేరు దగ్గర ఆగి, "నిజంగా పెట్టేదా ఆంటీ?" అని అడిగింది, పెట్టమన్నాను. అది తేలికే, నేను చూడకుండా ఎవరో చదువుకుంటారు. ఆదివారం అలా కాదు. నేను హిందీలో ఒక్క వాక్యం చెప్పి ఆగాలి. నా మాట వల్ల మూడేళ్ళప్పుడు ఊరు దాటిపోయి, భాష పోగొట్టుకుని, మాట మాటగా మళ్ళీ నేర్చుకున్న పిల్ల నా పక్కన నిలబడి, ఆ వాక్యాన్ని తన నోటితో తన వాళ్ళకి చెబుతుంది. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా నేను రెండో వాక్యం మొదలుపెట్టడానికి లేదు.